తాబేళ్ళ బీచ్‌కి ఎర్ర హెడ్‌ల్యాంప్: లైటు మంచిదే, డబ్బా మీద రాతే ఎక్కువైంది

తాబేళ్ళు గుడ్లు పెట్టే బీచ్‌లలో రాత్రిపూట నడిచేవాళ్ళు ఎర్ర లైటు హెడ్‌ల్యాంప్ కొనాలా వద్దా అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, అందుకే ఈ రివ్యూ. కంపెనీ పేరు రాయడం లేదు. ఒకే రకం సరుకు నాలుగైదు పేర్లతో దొరుకుతోంది, డబ్బా రంగు మారుతుంది తప్ప లోపల ఉండేది అదే: నుదుటికి కట్టుకునే ఎలాస్టిక్ పట్టీ, పైకీ కిందికీ వంచగలిగే తల, మధ్యలో పెద్ద తెల్ల ఎల్‌ఈడీ, దాని పక్కన చిన్న ఎర్ర ఎల్‌ఈడీ, నెత్తి మీద ఒకే ఒక్క రబ్బరు బటన్. డబ్బా మీద తాబేలు బొమ్మ, దాని కింద ‘తాబేళ్ళకు పూర్తిగా సురక్షితం’ అని పెద్దక్షరాలు. లైటుకి మంచి మార్కులే వేస్తాను గానీ ఆ రాతకి మాత్రం కాదు.

ముందు ఎర్ర రంగే ఎందుకో చెప్పుకోవాలి, అది తెలియకపోతే మిగతా గొడవంతా అర్థం కాదు. తాబేలు పిల్లలు ఎక్కువగా రాత్రిపూట, పైపై ఇసుక చల్లబడ్డాక గూట్లోంచి బయటికొస్తాయి. సముద్రం ఎటుందో వాటికి చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు, తల్లి గుడ్లు పెట్టి పూడ్చేసి వెళ్ళిపోయి అప్పటికి దాదాపు రెండు నెలలవుతుంది. చీకటిగా ఎత్తుగా కనిపించే దిబ్బల వైపు వీపు పెట్టి, కిందుగా వెలుతురు ఎటు ఎక్కువగా ఉంటే అటు పాకుతాయి. మనుషుల లైట్లు లేని తీరంలో ఆ వెలుతురు సముద్రం మీదే ఉంటుంది కాబట్టి లక్షల ఏళ్ళుగా ఈ లెక్క తప్పలేదు. ఇప్పుడు దిబ్బల వెనక రోడ్డు, వీధి దీపాలు, హోటళ్ళు. పిల్లలు అటు మళ్ళుతాయి, రాత్రంతా పాకి అలిసిపోయి తెల్లారేసరికి ఎండకో, కాకులకో, కుక్కలకో, బండి చక్రాలకో పోతాయి. ఒడిశాలో ఋషికుల్య తీరంలో వేల తాబేళ్ళు ఒక్కసారిగా ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, అక్కడ కూడా పిల్లలు లైట్ల వైపు దారి తప్పడం, ఊళ్ళవాళ్ళు వాటిని మళ్ళీ సముద్రంలోకి చేర్చడం ఉన్న సంగతే.

తాబేలు కంటికి నీలం, ఆకుపచ్చ బాగా తెలుస్తాయి, ఎరుపు వైపు వెళ్ళేకొద్దీ చూపు మందగిస్తుంది. ఫ్లోరిడా రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ తీరంలో లైట్లకి పెట్టిన షరతు కూడా దీన్ని బట్టే: తరంగదైర్ఘ్యం (కాంతి రంగుని చెప్పే కొలత, నీలానికి తక్కువ, ఎరుపుకి ఎక్కువ) 560 నానోమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి, లైటు కిందుగా, తక్కువ వెలుగుతో ఉండాలి, బల్బు సముద్రం వైపు కనపడకుండా కప్పి ఉండాలి. మంచి ఎర్ర ఎల్‌ఈడీ 620, 630 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది కాబట్టి రంగు వరకు పాస్. తెల్ల ఎల్‌ఈడీ అసలు స్వరూపం నీలం, సుమారు 450 నానోమీటర్ల దగ్గర పెద్ద పోటు, దాని మీద పసుపు పూత పూసి మన కంటికి తెల్లగా చూపిస్తారు. ఇన్ని రంగులుండగా తాబేలుకి బాగా తగిలే రంగునే మనం చేతిలో పట్టుకుని బీచ్‌కి వెళ్తున్నామన్నమాట, ఫోన్ ఫ్లాష్ కూడా ఇదే జాతి.

ఇక వాడకం సంగతి. ఎర్ర లైటు వెలుగు చూసి మొదట్లో ‘ఇంతేనా’ అనిపిస్తుంది, మీ కాళ్ళ ముందు రెండు మూడు అడుగులు తప్ప ఏమీ కనపడదు. కాస్త ఓపిక పట్టాలి. చీకటికి మన కన్ను పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, ఎర్ర లైటు ఆ అలవాటుని పెద్దగా చెడగొట్టదు, అదే తెల్ల టార్చి ఒక్కసారి వెలిగిస్తే మళ్ళీ మొదటికి. అరగంట తర్వాత తల ఎత్తి చూస్తే నురగ గీత, తడి ఇసుక మెరుపు, దిబ్బ అంచు, దూరంగా నడిచే మనిషి, అన్నీ లైటు లేకుండానే తెలుస్తాయి, వెన్నెల ఉంటే చెప్పనే అక్కర్లేదు. అప్పటిదాకా టెన్షన్‌గా నడిచినవాళ్ళు కూడా ఆ తర్వాత లైటు ఆపేసి నడుస్తారు. అదొక్కటే కాదు, తెల్ల టార్చి వేసుకుని నడిచేవాడు తన చుట్టూ ఉన్న చిన్న వెలుగు గుండ్రం తప్ప బీచ్ అనేది చూడనే చూడడు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఎర్ర కాంతిలో ఇసుక మీద లోతు తెలియదు. ఎవరో పగలు తవ్వి వదిలేసిన గుంట, అలల కోతకి పడిన చిన్న మెట్టు, రెండూ చదునుగానే కనిపిస్తాయి. సీసా పెంకు ఉంటే ఇసుకలో కలిసిపోతుంది, కాబట్టి ఉత్త కాళ్ళతో నడవద్దు. అన్నట్టు ఆ గుంటల సంగతి: పిల్లలు సరదాగా తవ్వుకున్న గుంట మీకు చీలమండ బెణికే గుంట, గుప్పెడంత తాబేలు పిల్లకి బయటికి రాలేని నుయ్యి. ఇంటికెళ్ళేముందు పూడ్చేసి వెళ్ళడానికి ఏ లైటూ కొనక్కర్లేదు.

ఇప్పుడు అసలు లోపం. బటన్ ఒక్కటే కదా, ఒకసారి నొక్కితే తెలుపు ఫుల్‌లో వెలుగుతుంది, రెండోసారికి తెలుపు తక్కువలో, ఎరుపు కావాలంటే రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. కొన్ని మోడళ్ళలో తెలుపు దాటుకునే ఎరుపుకి వెళ్ళాలి. అంటే ‘తాబేళ్ళకు సురక్షితం’ అని రాసిన లైటు, మామూలుగా నొక్కి వెలిగించిన ప్రతిసారీ ముందు తాబేలు కళ్ళలో కొట్టే రంగునే వెలిగిస్తుంది. మా గుంపులో ఒకాయన పట్టీ సర్దుకోబోయి బటన్ మీద వేలు పెట్టాడు, అంతే, ఎదురుగా ఉన్నవాళ్ళందరి ముఖాలూ తెల్లగా వెలిగిపోయాయి, ఆయన కంగారుగా ఆపబోయి ఇంకోసారి నొక్కితే మళ్ళీ తెలుపే, మూడోసారికి ఎర్ర లైటు టపటపా కొట్టుకోవడం మొదలైంది. ఈ కొట్టుకునే మోడ్ ఎవరడిగారో తెలియదు, సైకిల్ వెనక పెట్టుకోవడానికి బావుంటుందేమో గానీ చీకటి తీరంలో అంతకంటే తిక్క పని లేదు. పైగా ఛార్జింగ్ ఎంతుందో చూపించే బుల్లి దీపం ఒకటుంది, లైటు వెలిగించాక కొన్ని సెకన్లు అది కూడా వెలుగుతుంది, రంగు ఏమిటనుకున్నారు, నీలం!

దీనికి నేను చేసిన మరమ్మతు చెప్తాను, ఖర్చేమీ లేదు. తెల్ల ఎల్‌ఈడీ మీద నల్ల ఇన్సులేషన్ టేపు రెండు పొరలు, నీలం చుక్క మీద ఒక ముక్క. టేపు అంచుల్లోంచి వెలుగు కారకుండా గోరుతో నొక్కి అంటించాలి. తెల్ల లైటు నిజంగా అవసరమైతే, అంటే ఎవరికైనా దెబ్బ తగిలితేనో, దారి తప్పితేనో, లాగేస్తే ఊడొస్తుంది. కంపెనీ వాళ్ళు తెలుపుకీ ఎరుపుకీ వేరువేరు బటన్లు పెట్టి ఉంటే ఈ టేపు తిప్పలు ఉండేవి కావు, కొన్ని ఖరీదైన మోడళ్ళలో చివరగా వాడిన రంగు గుర్తుంచుకుని దానితోనే వెలిగే ఏర్పాటు ఉంది, చూసి కొనండి.

ఇంకో పరీక్ష కూడా చేయాల్సిందే. కొన్ని చవకరకం లైట్లలో ఎర్ర ఎల్‌ఈడీ ఉండదు, తెల్లదాని మీదే ఎర్ర ప్లాస్టిక్ మూత పెడతారు, చూడ్డానికి తేడా తెలియదు. ఇంట్లో మూల పడి ఉన్న పాత సీడీ తీయండి, గది చీకటి చేసి, లైటుని దాని మెరిసే వైపు వెలిగించి, వాలుగా చూడండి. నిజమైన ఎర్ర ఎల్‌ఈడీ అయితే సీడీ మీద ఎర్ర గీతలే కనపడతాయి. ఎరుపు పక్కన పసుపు, ఆకుపచ్చ, నీలం తొంగి చూశాయంటే లోపలున్నది తెలుపే, తిరిగిచ్చేయండి. ఫోన్ టార్చికి వెలుగు దూరే పల్చటి ఎర్ర జిలుగు కాగితం చుట్టుకుంటే చాలదా అని అడిగేవాళ్ళు కూడా ఇదే పరీక్ష చేసి చూసుకోవచ్చు. ఒక పొర చుడితే రంగులు తొంగి చూస్తాయి, నాలుగు పొరలు చుడితే దారి కనపడదు, ఈలోగా మెసేజ్ వస్తే స్క్రీన్ ఎలాగూ వెలుగుతుంది.

సరే, లోపలున్నది నిఖార్సైన ఎరుపే అనుకుందాం. అప్పుడైనా ‘పూర్తిగా సురక్షితం’ అనొచ్చా? అనకూడదు. తాబేలు ఎరుపు తక్కువగా చూస్తుంది, అస్సలు చూడదని కాదు. కదిలే వెలుగు, కదిలే మనిషి నీడ, ఇసుక మీద అడుగుల అదురు, ఇవన్నీ కలిసి దానికి చేరతాయి. ముఖ్యంగా తల్లి తాబేలు నీళ్ళలోంచి అప్పుడే పైకెక్కే సమయం చాలా సున్నితమైనది, గుంట తవ్వడం మొదలుపెట్టకముందే ఏదైనా తేడాగా అనిపిస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఇసుక మీద వంపు తిరిగి వెనక్కెళ్ళిన జాడ ఒకటి మిగులుతుంది అంతే. వందకి అటూ ఇటూ గుడ్లు కడుపులో మోసుకుని వచ్చిన ప్రాణి మళ్ళీ ఇంకెక్కడో ఇంకోసారి ఒడ్డెక్కాలి. గుడ్లు పెట్టడం మొదలయ్యాక అంత త్వరగా బెదరదు, అందుకే అనుభవమున్న గైడ్లు అప్పటిదాకా జనాన్ని దూరంగా కూర్చోబెట్టి, ఆ తర్వాతే వెనక వైపు నుంచి చూపిస్తారు. డబ్బా మీద తాబేలు బొమ్మ చూసి కొన్నవాళ్ళకి ఈ సంగతి తెలియదు, ‘మన లైటు సేఫ్ కదా’ అని నేరుగా దాని ముఖం ముందుకెళ్ళి కూర్చుంటారు. నాకున్న పెద్ద అభ్యంతరం ఇదే. మామూలు టార్చి ఉన్నవాడికి కనీసం కాస్త జంకు ఉంటుంది, ఈ లైటు ఆ జంకు కూడా లేకుండా చేస్తోంది.

లోకంలో ఈ పనిని బాగా చేస్తున్న చోట్లు చూడండి, అక్కడ లైటు రంగు గురించి కాదు, ఎవరు, ఎప్పుడు, ఎంతమంది అనేదాని గురించి మాట్లాడతారు. కోస్టారికాలో టోర్టుగేరో తీరంలో రాత్రి తాబేళ్ళని చూడాలంటే లైసెన్స్ ఉన్న గైడ్‌తో చిన్న గుంపుగానే వెళ్ళాలి, సందర్శకుల చేతిలో టార్చి ఉండకూడదు, కెమెరా ఉండకూడదు, ముదురు రంగు బట్టలు వేసుకోవాలి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లోని మోన్ రెపోస్‌లో గూళ్ళ కాలమంతా రాత్రిపూట బీచ్‌ని జనానికి మూసేసి, రేంజర్లు తీసుకెళ్ళే గుంపుల్ని మాత్రం పంపిస్తారు, పగలు మాత్రం ఎవరైనా వెళ్ళొచ్చు. ఈ రెండు చోట్లా నా హెడ్‌ల్యాంప్‌కి పని లేదు, గైడ్ దగ్గరున్న ఒక్క లైటు చాలు.

బీచ్ మూసేయాలనే వాళ్ళకీ, బీచ్ అందరిదీ అనే వాళ్ళకీ ఎప్పుడూ పడదు. నాకు అనిపించేది ఏమిటంటే బీచ్‌ని మూసేయక్కర్లేదు, గంటల్ని మూయాలి, కొన్ని గజాల్ని మూయాలి. కాలిఫోర్నియాలో కోల్ ఆయిల్ పాయింట్ అని ఒక తీరం ఉంది, శాంటా బార్బరాలోని విశ్వవిద్యాలయం కింద నడిచే రిజర్వ్. అక్కడ స్నోయీ ప్లోవర్ అనే చిన్న ఇసుక పిట్టలు చలికాలంలో వచ్చేవి గానీ జనం, కుక్కల తాకిడికి గూడు పెట్టడం దశాబ్దాల కిందటే మానేశాయి. 2001లో పొడి ఇసుక భాగానికి తాడు కట్టారు, నీటి వెంబడి తడి ఇసుక మీద నడక మాత్రం ఆపలేదు, కుక్కలకి గొలుసు ఉండాలన్నారు, వాలంటీర్లు అక్కడే నిలబడి వచ్చేపోయేవాళ్ళకి విషయం చెప్పేవాళ్ళు. పిట్టలు మళ్ళీ గూళ్ళు పెట్టి పిల్లల్ని చేశాయి. ఒక తాడు, నాలుగు మాటలు, ఇంతే సరంజామా! గోడ కట్టలేదు. ఆ పిట్ట గుడ్లు ఇసుక రంగులోనే ఉంటాయి, తాడు లేకపోతే జాగ్రత్తగల మనిషి కూడా తొక్కేస్తాడు, ఎర్ర లైటు ఉన్నా తొక్కేస్తాడు.

అన్నిచోట్లా ఇంత సాఫీగా జరగదు లెండి. అమెరికాలోనే నార్త్ కరోలినాలో కేప్ హ్యాటరస్ తీరంలో జనం బండ్లు వేసుకుని ఇసుక మీదే తిరుగుతారు, చేపలు పట్టేవాళ్ళకి అది తరాల అలవాటు. పిట్టల కోసం, తాబేళ్ళ కోసం కోర్టు దాకా వెళ్ళిన గొడవ అది. 2012లో ఆ తీరాన్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ నిబంధన తెచ్చి, గూళ్ళ కాలంలో రాత్రిళ్ళు బీచ్ మీద బండ్లు ఆపేసింది. బండ్లవాళ్ళు ఊరుకోలేదు, 2014 చివర్లో అమెరికా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, ఆ గంటల్నీ దూరాల్నీ మళ్ళీ చూడమని చట్టంలో రాసింది. ఇలాంటి బేరసారాలు చూస్తే కొంతమందికి చిరాకు, నాకైతే ఇదే ఆరోగ్యంగా అనిపిస్తుంది. ఉదయం గస్తీ వాళ్ళు గూళ్ళు చూసేశాక బండ్లని ఇంకాస్త ముందే వదలొచ్చా అని మాట్లాడుకోవడం ఒక పద్ధతి, అసలు తాబేళ్ళెక్కడున్నాయని వాదించడం ఇంకో పద్ధతి. తీరంలో లోతుగా పడ్డ చక్రం జాడలో తాబేలు పిల్ల పడితే ఎక్కలేక ఆ జాడ వెంటే పాకుతుంది, సముద్రం వైపు కాకుండా ఒడ్డు పొడుగునా. ఇది కళ్ళతో చూసినవాళ్ళెవరూ రెండో వాదన చేయరు.

గైడ్లు, రేంజర్లు, తాళ్ళు ఏమీ లేని మామూలు బీచ్‌లో, అక్కడక్కడా తాబేలు ఒకటీ అరా ఎక్కే చోట, రాత్రి నడకని ఎవరూ ఆపని చోట ఈ లైటు కాస్త పనికొస్తుంది. లైటు తల పూర్తిగా కిందికి వంచి, వెలుగు మీ కాలి బొటనవేళ్ళ మీద పడేలా పెట్టుకోండి. హెడ్‌ల్యాంప్‌తో ఒక చిక్కుంది, మీరు ఎటు చూస్తే అది అటు చూస్తుంది, ఎవరైనా పిలిస్తే తల తిప్పుతారు, వెలుగు బీచ్ పొడుగునా ఊడ్చేస్తుంది. అందుకే నేను నుదుటికి కాకుండా మెడలో వేసుకుంటాను, లేదా చేతికి చుట్టుకుంటాను. తడి ఇసుక మీదే నడవండి, ఇసుక మీద ట్రాక్టర్ టైరులాంటి జాడ కనపడితే ఆగి, లైటు ఆపేసి, అది ఎటు వెళ్ళిందో చూసి, తల్లి ఇంకా పైనే ఉందనిపిస్తే వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి. తాబేలు పిల్లలు కనపడితే చేత్తో ఎత్తి నీళ్ళలో వదలాలనిపిస్తుంది, వద్దు, వాటి పాకుడు వాటిని పాకనివ్వండి, రోడ్డు వైపు వెళ్తున్నాయంటే మాత్రం అక్కడి అటవీ శాఖకో వాలంటీర్లకో ఫోన్ చేయండి. ఫొటో తీయొద్దు. ఫ్లాష్ ఆపేశాను కదా అంటారు, ఫోకస్ కోసం ఫోన్ తనంతట తాను వెలిగించే చిన్న లైటు ఆపారా?

మన్నిక విషయానికొస్తే, డబ్బా మీద ఐపీఎక్స్4 అని ఉంది, అంటే తుంపర్లకి తట్టుకుంటుంది, అలలో పడితే తట్టుకోదు. ఉప్పు గాలికి తల వంచే కీలు గట్టిపడింది, ఇసుక రేణువులు దూరి కరకరమంటోంది, వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళు తడిపిన గుడ్డతో తుడిచి ఆరబెడితే కాస్త మెరుగు. ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత వదులుగా ఉంటుంది, మొదట పాడయ్యేది అదే అని నా అనుమానం. బ్యాటరీకి ఢోకా లేదు, ఎర్ర లైటు ఒక్కటే వాడితే తాగేది చాలా తక్కువ. పట్టీ చెమటకి కంపు కొడుతుంది, ఊడదీసి ఉతుక్కోవచ్చు.

అయిదుకి మూడు ఇస్తున్నాను. కాషాయం రంగు చేతి టార్చి, వేరే రంగే లేనిది, దొరికితే ముందు దాన్ని చూడండి, తప్పు బటన్ నొక్కినా నష్టం తక్కువ. గైడ్‌తో వెళ్ళేవాళ్ళు ఏదీ కొనక్కర్లేదు. రాత్రి గస్తీ తిరిగే వాలంటీర్లు, తెల్లవారుజామున చేపలకి వెళ్ళేవాళ్ళు, తీరం పక్కనే ఉంటూ రోజూ నడిచేవాళ్ళు టేపు అంటించుకుని వాడుకోవచ్చు. పిల్లలకి మాత్రం ఇవ్వకండి. ఒక్కటే బటన్ ఉన్న వస్తువు చేతికిస్తే ఏ పిల్లాడూ నొక్కకుండా ఉండడు, ఇందులో మొదటి నొక్కుకి వచ్చేది తెల్ల లైటే.